టెక్కలి నుంచి హైదరాబాదు, సినిమా కోసం: ఇప్పుడే బయల్దేరనా, ఆగనా?

టెక్కలి కెమెరా
ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నా వయసు 23. డిగ్రీ పూర్తయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఊళ్లోనే ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను. తీయడం, ఎడిటింగ్, ఆల్బమ్ కూర్పు, చివరికి పెళ్లివారింటికి వెళ్లి బాకీ వసూలు చేయడం కూడా నా పనే. డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో చేరాలని కోరిక. చేతిలో 80 వేలున్నాయి. సంక్రాంతి వెళ్లగానే హైదరాబాదు వెళ్దామనుకుంటున్నాను. ఈ మాట చెప్పినప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. అమ్మ మాట్లాడుతుంది గానీ, ‘అక్కడ మనకు ఎవరున్నారురా’ అన్న ఒక్క ప్రశ్నే రోజూ అడుగుతుంది.

ఏ పేటలో ఉండాలి, ఏదైనా కోర్సు చేయాలా, అసిస్టెంటుగా చేరాలంటే ఎవరిని కలవాలి, ఇవి నా సందేహాలు. ఇంకో సంగతి. ఒకాయన ఫోనులో పరిచయమయ్యారు. కొత్త సినిమా మొదలవుతోందట, 50 వేలు కడితే అసిస్టెంట్ డైరెక్టరుగా తీసుకుని యూనియన్ కార్డు కూడా ఇప్పిస్తారట. గురువారం లోపు చెప్పమన్నారు. ఆయన నంబరు కింద ఇస్తున్నాను, ఎవరికైనా తెలుసేమో చూడండి.

నేను తీసిన తొమ్మిది నిమిషాల పొట్టి సినిమా లంకె కూడా పెట్టాను.

నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 10:30

ఫోను నంబరు తొలగించాను. లంకె ఉంచాను.

రాజాం ఫ్లెక్స్
ఆదివారం, రాత్రి 11:05

ముందు ఆ గురువారం సంగతి తేల్చుకుందాం. ఒక్క రూపాయి కట్టకు తమ్ముడూ.

నేను కట్టాను. 2009లో, 30 వేలు. మా ఇంట్లో పాడి గేదెను అమ్మిన డబ్బు. ఒక అపార్టుమెంటులో ఆఫీసు, గోడకు దండ వేసిన వేంకటేశ్వరస్వామి పటం, పక్కనే ‘ప్రొడక్షన్ నంబర్ 1’ అని పెద్ద పోస్టరు. పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. అంతవరకు హైదరాబాదులో నాకు గాజు గ్లాసులో తప్ప ఎవరూ టీ ఇవ్వలేదు, ఆ కప్పుకే పడిపోయాను. మూడో నెలలో వెళ్తే తాళం. ‘నీలాంటి వాళ్లు పొద్దుటి నుంచి నలుగురు వచ్చారు’ అని వాచ్‌మన్ చెప్పాడు. ఇంటికి వచ్చి రసీదు తీసి చూసుకుంటే ‘శిక్షణ రుసుము’ అని రాసి ఉంది. సినిమా అన్న మాటే లేదు.

అసలు పద్ధతి వేరు. దర్శకుల సంఘమైనా మరే శాఖ సంఘమైనా సభ్యత్వ రుసుము తీసుకునే మాట నిజమే. అది సంఘం ఆఫీసులో కట్టి సంఘం రసీదు తీసుకోవాలి. ఫోనులో ఎవరో ‘ఇప్పిస్తాను’ అనేది కాదు. నిజంగా సినిమా మొదలయ్యేది ఉంటే బ్యానరు పేరు అడుగు, ఆ పేరు మీద టైటిల్ ఫిలిం చాంబరులో రిజిస్టరు అయిందా అని అడుగు. సమాధానం బదులు కోపం వస్తుంది, చూసుకో.

ఇక వెళ్లాలా వద్దా అంటే, నేను ఆరేళ్లు హైదరాబాదు కృష్ణానగర్‌లో ఉండి తిరిగి వచ్చినవాణ్ణి. ఇప్పుడు రాజాంలో ఫ్లెక్సులు ప్రింట్ చేస్తున్నాను. నన్ను అడిగితే వద్దనే అంటాను. నా మాట వినాలని లేదు.

కంటిన్యుటీ
సోమవారం, ఉదయం 6:20

రాజాం అన్నయ్య ఆ డబ్బు గురించి చెప్పింది అక్షరాలా నిజం. రెండో మాటతో నాకు పేచీ ఉంది. మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. నాలుగేళ్లుగా హైదరాబాదులో డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో ఉన్నాను. ఇంకా క్లాప్ బోర్డు కొట్టే పని నుంచి పెద్దగా పైకి రాలేదు. అయినా వెళ్లమనే చెబుతాను.

అసిస్టెంటు పని అంటే ఏమనుకుంటున్నావో తెలియదు కనుక నా నిన్నటి పని చెబుతాను. ఒక ఇంట్లో భోజనాల సీను. తల్లి పాత్ర కూతురికి వడ్డిస్తుంది. దూరం నుంచి మొత్తం సీను ఉదయం తీశాం, దగ్గరి షాట్లు మధ్యాహ్నం భోజనాల తర్వాత. ఈ మధ్యలో నా పుస్తకంలో రాసుకున్నవి: కంచంలో అన్నం ఎంత తగ్గింది, పప్పు ఏ వైపుంది, గ్లాసులో నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయి, తల్లి చీర కొంగు ఏ భుజం మీద నుంచి ఎటు దోపింది, ‘తినవే’ అన్న మాట దగ్గర గరిటె కుడిచేతిలో ఉందా ఎడమచేతిలో ఉందా. మధ్యాహ్నం ఆవిడ గాజులు మార్చుకుని వచ్చింది. ఉదయం కుడిచేతికి ఆరు ఆకుపచ్చవి, ఇప్పుడు నాలుగు. నేను చూడలేదు. కెమెరామన్ చూశాడు. నూటయాభై మంది ఇరవై నిమిషాలు కూర్చున్నారు, రెండు గాజుల కోసం. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పని అంటే ఇది. ఇందులో నీకు సరదా కనబడితే రా. పని ఎలా దొరుకుతుందంటే, నాకు ముందు వెబ్ సిరీస్‌లో ఆరు రోజులు ఎవరికో జ్వరం వస్తే దొరికింది. ఆ ఆరు రోజులు నేను యూసుఫ్‌గూడలో ఉన్నాను కనుక గంటలో లొకేషన్‌కు చేరాను. టెక్కలిలో ఉండి ఉంటే ఆ ఫోను నాకు వచ్చేదే కాదు.

కొబ్బరితోట
సోమవారం, ఉదయం 9:48

నేను సినిమా మనిషిని కాదు, ఒక తండ్రిని. ఉద్దానంలో తోట ఉంది. ఉండేది అనాలేమో, 2018లో తిత్లీ తుపానుకు చాలా చెట్లు పోయాయి. మా అబ్బాయి కూడా ఇదే మాట అన్నప్పుడు నేనూ నెలరోజులు మాట్లాడలేదు. కోపం వల్ల కాదు. నోరు తెరిస్తే ‘సరే’ అనేస్తానేమోనని భయం. బాబూ, మీ నాన్నగారిది కూడా ఆ రకం మౌనమేమో ఒకసారి చూడు.

వలస మనకు కొత్తా? మా ఊరి బెస్త కుర్రాళ్లు గుజరాత్‌లో వెరావల్ దాకా వెళ్లి పడవల్లో పని చేస్తారు. మేస్త్రీలు హైదరాబాదులో అపార్టుమెంట్లు కడుతున్నారు. వాళ్లు వెళ్లేటప్పుడు మాత్రం ఏ తండ్రీ ఎందుకని అడగడు. నెలకు ఎంత వస్తుందో తెలుసు కనుక. నీ విషయంలో ఆ అంకె లేదు, అంతే తేడా. ఎన్ని నెలలు ప్రయత్నిస్తావో, ఆ తర్వాత ఏం చేస్తావో ఒక కాగితం మీద రాసి ఆయన కళ్లజోడు దగ్గర పెట్టి చూడు.

బొబ్బిలి ఎడిటర్
సోమవారం, మధ్యాహ్నం 1:15

సినిమా చూశాను. మాటల్లో పడి ఎవరూ చూడలేదని అర్థమవుతోంది, అందుకని నేనే మొదలుపెడతాను. నేను ఎడిటింగ్ చేస్తాను, తొమ్మిదేళ్లుగా.

తమ్ముడూ, నీ హీరో నడుస్తుంటే వెనక నుంచి గాలి, కోటు ఎగరడం, అవన్నీ నువ్వు చూసిన సినిమాలే. వాటి గురించి నేను మాట్లాడను. మూడో నిమిషంలో జీడిపప్పు బట్టీ ఉంది. ఒకావిడ చేతులకు బూడిద రాసుకుని, కాల్చిన పిక్కలు ఒక్కొక్కటే కొట్టి పప్పు తీస్తోంది. గోళ్ల చుట్టూ చర్మం నల్లగా పెచ్చులు లేచింది. షాటు పదకొండు సెకన్లు. ఆవిడ ఒకసారి ఆగి, మణికట్టుతో నుదురు తుడుచుకుని, మళ్లీ కొడుతుంది. నేను దాన్ని ఆరుసార్లు చూశాను. ఎవరావిడ? నువ్వు అక్కడి నుంచి కెమెరా ఎందుకు తిప్పేశావు?

ఇక సాంకేతికం. పెళ్లి హాలు సీను అంతా మినుకుమినుకుమంటోంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్ల కింద సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకుని, షట్టరు సెకనులో యాభయ్యో వంతుకు బిగించు, ఆ మినుకులు పోతాయి. శబ్దం కూడా బాగా లేదు. మాటల వెనక ఫ్రిజ్ మోత వినిపిస్తోంది. రికార్డు చేసేటప్పుడు ఫ్రిజ్, ఫ్యాను ఆపేయాలి. ఆపాక ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం విడిగా రికార్డు చేసి పెట్టుకో. మాటల మధ్య సందులు పూడ్చడానికి అదే పనికొస్తుంది. ఇవి నేర్చుకోవడానికి హైదరాబాదు రానక్కర్లేదు.

టెక్కలి కెమెరా
సోమవారం, రాత్రి 8:40

ఆవిడ మా మేనత్త. కాశీబుగ్గలో ఉంటుంది. పలాస జీడిపప్పు అని దేశమంతా తింటారు కదా, ఆ పప్పు ఒలిచేవాళ్లలో ఆవిడొకరు. కథలో హీరో వాళ్లమ్మ పని చేస్తుందని చూపించడానికి ఒక షాటు కావాలంటే అక్కడికి వెళ్లాను. తిప్పేయడానికి కారణం ఏమీ లేదు, పొగకు కళ్లు మండి.

ఆ 50 వేల ఆయనకు ఫోను చేసి టైటిల్ ఎక్కడ రిజిస్టరు చేశారని అడిగాను. ‘నీకు సినిమా మీద నమ్మకం లేదు’ అని పెట్టేశారు. రాజాం అన్నా, దండం.

గట్టు మీద
సోమవారం, రాత్రి 9:02

అందరూ పెద్దపెద్ద మాటలు చెబుతున్నారు గానీ నిజం ఒకటే. వెనక ఎవరైనా ఉండాలి. లేకపోతే పుస్తకాలు మోస్తూ ముసలివాళ్లవుతారు. పెళ్లి వీడియోలకు సీజన్లో బాగానే ముడుతుంది. దాన్ని వదిలేసి వెళ్లి అద్దె కట్టడమెందుకు?

రాజాం ఫ్లెక్స్
సోమవారం, రాత్రి 9:20

గట్టు మీద గారూ, మీ మాట తప్పని అనను గానీ, గట్టు మీద కూర్చుని చెప్పారు. నేను దిగి చెబుతాను.

డబ్బును రూపాయల్లో లెక్కపెట్టకు తమ్ముడూ, నెలల్లో లెక్కపెట్టు. నా రోజుల్లో ఇందిరానగర్ సందులో ఒక గదికి అయిదుగురం. అద్దె పంచుకునేవాళ్లం, చెప్పులు కూడా పంచుకునేవాళ్లం. ఎవరికి ఆఫీసు పిలుపు వస్తే వాళ్లకు మంచి జత. తిండికి కరువు లేదు, ఎవరో ఒకరికి షూటింగ్ ఉంటే ప్రొడక్షన్ భోజనం పొట్లం కట్టించుకొచ్చేవాడు. కరువల్లా పగలు. ఉదయం పదికి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెడితే పన్నెండుకు అయిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎవడి సినిమా ఎందుకు ఆడలేదో చెప్పుకోవడం. ఆరేళ్లలో నేను చేసిన పని గట్టిగా ఏడాది ఉండదు. మిగతా అయిదేళ్లలో ఒక్క కథ పూర్తిగా రాయలేదు. నన్ను తిప్పి పంపించింది పరిశ్రమ అని ఊళ్లో చెబుతాను. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు కనుక అసలు సంగతి చెబుతున్నాను.

మన స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. దిగితే అది ఆమదాలవలస. సినిమా కూడా బోర్డు ఉన్నచోట ఉండదు. ఫిల్మ్‌నగర్‌లో అన్నీ గేట్లే.

కంటిన్యుటీ
మంగళవారం, రాత్రి 12:10

ప్యాకప్ అయి ఇప్పుడే వచ్చాను. టీ కొట్టు దగ్గర కూర్చోవడం గురించి అన్నయ్య చెప్పింది చదివాక ఇక నిద్ర పట్టేట్టు లేదు. మా గదిలో కూడా అదే జరుగుతోంది, టీ కొట్టు బదులు ఫోను.

యాస గురించి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, కథ చెప్పడానికి వెళ్లినప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం పలుకు బయటికొస్తే ఎదుటివాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు నా కథకు అనుకుని ఏడాదిపాటు నేను కామెడీ బాగా రాస్తానని భ్రమపడ్డాను. మన యాస వాళ్లకు పనివాడి పాత్రకో, అమాయకుడి పాత్రకో గుర్తు. దాచుకోమని చెప్పను, దాచినా దాగదు. ఎప్పుడు దేనికి నవ్వుతున్నారో మాత్రం గమనించు.

కథానిలయం పాఠకుడు
మంగళవారం, ఉదయం 7:35

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, శ్రీకాకుళంలో ఉంటాను. మా పినతండ్రి నటుడు కావాలని మద్రాసు మెయిలెక్కి కోడంబాకం వెళ్లి, పధ్నాలుగు నెలల తర్వాత అదే మెయిలు దిగి, జీవితాంతం రేషన్ డీలరుగా గడిపాడు. ఆ పధ్నాలుగు నెలల కబుర్లు మాత్రం నలభై ఏళ్లు చెప్పాడు. కనుక ఈ రోగం కొత్తది కాదు.

ఒకప్పుడు వలస ఇటువైపు కూడా సాగేదని ఈ తరానికి తెలియదు. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల ఆ ఊరికి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నాడు. పేరు ఆ తర్వాత మద్రాసులో వచ్చింది. విద్య వచ్చింది మన విజయనగరం వీధుల్లో.

అందుకని అబ్బాయీ, నాదో చిన్న సలహా. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించారు. పాత పత్రికల్లో పడిన తెలుగు కథలు వేలకు వేలు అక్కడ ఉన్నాయి. టెక్కలి నుంచి పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. వెళ్లి చాసోను చదువు, రావిశాస్త్రిని చదువు. సంభాషణ ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. మీ సినిమాలో హీరో నాలుగు నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు, నేను మధ్యలో లేచి కాఫీ పెట్టుకుని వచ్చాను, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

సముద్రం పక్కన
మంగళవారం, ఉదయం 11:00

విశాఖను అందరూ మరిచిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. రుషికొండ, భీమిలి వైపు షూటింగులు ఎప్పుడూ ఉంటాయి, స్థానికంగా మనుషులు కావాలి. నెలకోసారి ఇంటికి వెళ్లి రావచ్చు. కోర్సు అడిగారు కనుక: డిగ్రీ ఉంది కాబట్టి పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు గానీ, కలకత్తాలోని సత్యజిత్ రే సంస్థకు గానీ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. మొదటిది 1960 నుంచి ఉంది, రెండోది 1995లో వచ్చింది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా దరఖాస్తు చేయడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. హైదరాబాదులో ప్రైవేటు కోర్సులు కూడా ఉన్నాయి, ఫీజు మాత్రం కూర్చుని అడుగు.

బొబ్బిలి ఎడిటర్
మంగళవారం, మధ్యాహ్నం 2:30

గదికి అయిదుగురు, చెప్పులు పంచుకోవడం, అర్ధరాత్రి ప్యాకప్. వినడానికి ఎంత బాగుందో! ఈ చర్చ చదివే అమ్మాయిలు కూడా ఉంటారు, వాళ్ల కోసం నాలుగు ముక్కలు.

నేను అమీర్‌పేటలో లేడీస్ హాస్టలులో ఉండేదాన్ని. రాత్రి తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. డైరెక్షన్ వైపు వెళ్దామనుకున్న నేను ఎడిటింగ్‌లోకి వచ్చింది ఇష్టంతో కాదు, ఆ గేటు వల్ల. ఎడిటింగ్ గదిలో పగలు పని దొరుకుతుంది. వెళ్లిన ప్రతి ఆఫీసులో మొదటి ప్రశ్న ‘ఏ పాత్రకు వచ్చావమ్మా?’ అని. హార్డ్ డిస్కు చేతిలో పట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న తగ్గింది. నా అదృష్టం, నేర్పినావిడ ఒకరు దొరికారు. తర్వాత ఈ పనే నచ్చింది, అది వేరే సంగతి. మొదట్లో నేను చేసిన పని ఏమిటంటే రోజంతా బొమ్మకు శబ్దం జత చేయడం. కెమెరా ఫైలు వేరు, శబ్దం ఫైలు వేరు. క్లాప్ బోర్డు మూసుకున్న ఆ ఒక్క ఫ్రేమును, ‘టక్’ అన్న ఆ చప్పుడును కలపాలి. రోజుకు రెండు వందలసార్లు. అసిస్టెంటు బోర్డు మీద టేకు నంబరు తప్పు రాస్తే నా సాయంత్రం పోయేది. (కంటిన్యుటీ గారూ, మిమ్మల్ని కాదు.)

కంటిన్యుటీ
మంగళవారం, మధ్యాహ్నం 2:41

నన్నే. ఒప్పుకుంటున్నాను.

రాజాం ఫ్లెక్స్
మంగళవారం, సాయంత్రం 6:15

ఎవరో ప్రైవేటు మెసేజిలో ‘మీది శ్రీకాకుళం జిల్లా కదా, మీ వివరాల్లో విజయనగరం జిల్లా అని పెట్టుకున్నారేమిటి’ అని అడిగారు. 2022లో మా రాజాంను విజయనగరం జిల్లాలో కలిపారండీ. ఇంట్లోంచి కదలకుండా జిల్లా మారినవాణ్ణి. ఇంతకన్నా తేలికైన వలస ఉండదు.

ఎడిటరమ్మ చెప్పింది చదివాక నేనూ ఆ పదకొండు సెకన్లు చూశాను. ఆ గేదెను కొన్నవాడు తోలుకెళ్తుంటే మా అమ్మ ఇలాగే మణికట్టుతో ముఖం తుడుచుకుంది. తమ్ముడూ, నీకు అభ్యంతరం లేకపోతే, ఆ సినిమా మళ్లీ తీసేటట్టయితే, పోస్టరు నేను ఉచితంగా వేసి పంపిస్తాను. మంచి మీడియా మీద, నాలుగడుగులు.

టెక్కలి కెమెరా
శుక్రవారం, రాత్రి 9:55

మూడు రోజులు రాయలేదు, క్షమించండి. రెండు పెళ్లిళ్లున్నాయి. రెండోదాంట్లో ఎడిటరుగారు చెప్పినట్టు షట్టరు యాభైకి బిగించాను. ట్యూబులైట్ల కింద ఒక్క మినుకు లేదు. మా స్టూడియో ఓనరు ‘కొత్త కెమెరా కొన్నావా’ అని అడిగారు.

కాగితం రాసి నాన్న కళ్లజోడు దగ్గర పెట్టాను, పద్ధెనిమిది నెలలు అని. పొద్దున్న చూస్తే 18 కొట్టేసి 12 అని రాసి ఉంది, పెన్సిలుతో. అదే ఆయన మాట్లాడిన మాట. కొబ్బరితోట గారూ, మీ లెక్క సరిపోయింది.

సంక్రాంతికి కాదు, ఉగాది తర్వాత వెళ్తాను. పెళ్లిళ్ల సీజను డబ్బు కలిస్తే నెలలు పెరుగుతాయి. ఈలోగా కథానిలయానికి రెండుసార్లయినా వెళ్లాలి. పుణే దరఖాస్తు వివరాలు కూడా చూస్తున్నాను. కంటిన్యుటీ అన్నా, అప్పటికి మీ గదిలో చోటు ఉంటే చెప్పండి, చెప్పులు నావి నేనే తెచ్చుకుంటాను.

ఈ ఆదివారం కాశీబుగ్గ వెళ్లి మేనత్తతో మళ్లీ షూటింగ్. హీరో లేడు, కోటు లేదు. ఆవిడ తెల్లవారుజామున బట్టీకి బయల్దేరడం నుంచి మధ్యాహ్నం దాకా. ఆ పదకొండు సెకన్లు అలాగే వాడుకుంటాను, అటూ ఇటూ కొత్తగా తీసి అతకాలి.

కంటిన్యుటీ
శుక్రవారం, రాత్రి 11:30

చోటు చూద్దాం. ముందు ఆ పాత షాటులో చేతులకు ఏమున్నాయో చూసుకున్నావా?

టెక్కలి కెమెరా
శనివారం, మధ్యాహ్నం 12:20

చూశాను. ఎడమచేతికి అయిదు ఎర్ర మట్టిగాజులు. అత్తకు ఫోను చేస్తే ‘నాలుగే ఉన్నాయిరా, ఒకటి మొన్న పగిలింది’ అంది. ఇప్పుడే కాశీబుగ్గ బస్టాండులో దిగాను. మూడు దుకాణాలు తిరిగాను, ఎర్రవి ఉన్నాయి గానీ ఆ ఎరుపు కాదు. నాలుగో దుకాణంవాడు భోజనానికి వెళ్లాడు. ఆ షాటు ఫోనులో ఆపి పట్టుకుని, మెట్ల మీద కూర్చున్నాను.